రెండు పళ్ళ తేడా: బైక్ ఫ్రంట్ పుల్లీ వెనక వందేళ్ళ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న చక్రం గురించి. రోడ్డు మీద దొర్లే చక్రం కాదు. ఇంజిన్ పక్కన కవర్ వెనకాల దాక్కుని తిరిగే చక్రం. అరచెయ్యి కంటే కాస్త పెద్దగా ఉంటుంది, అంతే. చైన్ ఉన్న బండిలో దాన్నే మన మెకానిక్ అన్నలు చిన్న స్పాకెట్ అంటారు. బెల్టు ఉన్న బండిలో అదే ఫ్రంట్ పుల్లీ. దాన్ని విప్పి, రెండు పళ్ళు ఎక్కువున్న ఇంకో పుల్లీ బిగిస్తే చాలు, ఇంజిన్ లోపల ఏమీ ముట్టుకోకుండానే బండి నడక మారిపోతుంది. హార్లీ స్పోర్ట్‌స్టర్ ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఇది.

"మనకెందుకన్నా ఇది, మనది స్ప్లెండర్ కదా" అనుకోకండి. మీ ఇంట్లో యాక్టివా ఉందా? అయితే ఈ కథలో సగం మీ ఇంటి పార్కింగ్‌లోనే ఉంది. ఎలాగో మధ్యలో చెప్తాను.

ముందు ఒక్క లెక్క చూద్దాం, ఒక్కటే. 1990ల నాటి స్పోర్ట్‌స్టర్ 883 తీసుకుందాం. ముందు పుల్లీకి 27 పళ్ళు, వెనక చక్రానికున్న పెద్ద పుల్లీకి 61 పళ్ళు. 61ని 27తో భాగిస్తే 2.26. అంటే ముందు పుల్లీ రెండుంపావు సార్లు తిరిగితే వెనక చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. ఇప్పుడు ముందు 29 పళ్ళది వేశాం అనుకోండి. 61 బై 29, అంటే 2.10. హైవే మీద టాప్ గేర్‌లో ఏ స్పీడ్ దగ్గర ఇంజిన్ 4000 ఆర్‌పీఎం తిరిగేదో, అదే స్పీడ్‌కి ఇప్పుడు దాదాపు 3725 చాలు. ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది, వైబ్రేషన్ తగ్గుతుంది. కానీ సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఆ మొదటి లాగుడు కాస్త తగ్గుతుంది. చిన్న పుల్లీ వేస్తే దీనికి పూర్తిగా ఉల్టా. లాగుడు పెరుగుతుంది, హైవే మీద ఇంజిన్ అరుస్తుంది. గేర్ల సైకిల్ తొక్కినవాళ్ళకి ఇది కొత్త విషయమేం కాదు.

ముందు పుల్లీనే ఎందుకు మారుస్తారు, వెనకది ఎందుకు మార్చరు అంటే, ముందు ఒక్క పన్ను మారిస్తే వెనక రెండు పళ్ళకి పైగా మార్చినట్టు లెక్క. పైగా వెనకది మార్చాలంటే చక్రం మొత్తం దించాలి. మన దగ్గర బుల్లెట్‌కి 16 పళ్ళ స్పాకెట్ తీసి 17 వేయించుకునేవాళ్ళు కూడా సరిగ్గా ఈ కారణంతోనే వేయించుకుంటారు.

లెక్క అయిపోయింది. అసలు కథ ఏంటంటే, ఈ పళ్ళు ఎన్ని ఉండాలో ఎవరు నిర్ణయించాలి? కంపెనీయా, బండి నడిపేవాడా? మొదట్లో ఇది పూర్తిగా నడిపేవాడి చేతిలో పనే. మాటవరసకి కాదు, నిజంగా చేత్తోనే మార్చుకునేవాడు.

1903కి వెళ్దాం. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో హార్లీ, డేవిడ్‌సన్ అనే కుర్రాళ్ళు మొదటి బండి తయారు చేసిన సంవత్సరం. ఆ బండికి చైన్ లేదు. ఇంజిన్ నుంచి వెనక చక్రానికి ఒక తోలు బెల్టు. మన ఊళ్ళల్లో పాత రైస్ మిల్లులో, పిండి మరలో పైనుంచి కిందకి టపటపా కొట్టుకుంటూ తిరిగే పొడవాటి బెల్టు గుర్తుందా? ఇంచుమించు అదే సరుకు, సైజు చిన్నది. అప్పటి ఫ్యాక్టరీలన్నీ తోలు బెల్టుల మీదే నడిచేవి కాబట్టి బండికీ అదే తగిలించారు. గేర్‌బాక్స్ లేదు. ఇప్పట్లాంటి క్లచ్ కూడా లేదు. బెల్టు మీద ఒక చిన్న రోలర్‌ని లీవర్‌తో నొక్కితే బెల్టు బిగిసి బండి కదులుతుంది, వదిలేస్తే బెల్టు లూజై ఇంజిన్ వట్టిగా తిరుగుతుంది. క్లచ్ పని ఆ లీవరే చేసేదన్నమాట.

ఆ రోలర్ ఎంత ముఖ్యమో హార్లీ వాళ్ళకి 1909లో బాగా అర్థమైంది. ఆ ఏడాది వాళ్ళు మొట్టమొదటి వి-ట్విన్ ఇంజిన్ బండి తెచ్చారు. ఇప్పుడు హార్లీ అంటే ప్రపంచమంతా గుర్తుపట్టే ఇంజిన్ అదే. కానీ ఆ బండికి బెల్టు బిగించే టెన్షనర్ పెట్టలేదు. ఇంజిన్ బలం పెరిగింది, బెల్టు జారిపోయింది. పట్టుమని 30 బండ్లు కూడా చెయ్యకుండానే ఆపేశారు. టెన్షనర్ పెట్టుకుని 1911లో మళ్ళీ తెచ్చారు. అంత పేరున్న ఇంజిన్ పుట్టుకలోనే ఒక బెల్టు దగ్గర తడబడింది.

ఇప్పుడు ఇంగ్లాండ్ వెళ్దాం. అక్కడ 'వి' ఆకారంలో ఉండే రబ్బరు-కాన్వాస్ బెల్టులు వాడేవాళ్ళు. ఆ బండ్లకి కూడా ఒకటే గేర్. కొండ ఎక్కడానికి సరిపోయేలా పెడితే చదును రోడ్డు మీద నత్తనడక. చదునుకి సరిపోయేలా పెడితే కొండ మొదట్లోనే ఇంజిన్ ఆగిపోవడం, దిగి తొయ్యడం. మరి ఏం చేసేవాళ్ళు? ముందు పుల్లీని రెండు పళ్ళేల్లా చేశారు. రెండు పళ్ళేల మధ్య 'వి' ఆకారంలో గాడి. బయటి పళ్ళానికి లోపల మర ఉంటుంది. దాన్ని తిప్పి బయటకి జరిపితే గాడి వెడల్పవుతుంది, బెల్టు లోపలికి దిగుతుంది. అంటే పుల్లీ చిన్నదైనట్టే. లోపలికి బిగిస్తే బెల్టు పైకెక్కుతుంది, పుల్లీ పెద్దదైనట్టే.

కొండ కింద బండి ఆపాలి. పానా తీసి పుల్లీ తిప్పాలి. పుల్లీ చిన్నదయ్యేసరికి బెల్టు లూజవుతుంది కదా, బెల్టులోంచి ఒక ముక్క తీసేసి కొక్కెం మళ్ళీ తగిలించాలి. కొండ ఎక్కాక పైన ఇదంతా ఉల్టాగా ఇంకోసారి. ఒంటికి మట్టి, చేతికి గ్రీజు, పైన వాన. నా లెక్కలో ప్రపంచంలో మొదటి పుల్లీ స్వాప్ ఇదే. ఇప్పుడు మనం బూట్ల కాలితో టక్‌మని గేర్ తగ్గించి కొండ ఎక్కేస్తున్నాం. ఆ ఒక్క టక్ కోసం ఒక తరం మొత్తం రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

1907 మే 28న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో మొదటి టీటీ రేస్ జరిగింది. ఇప్పటికీ ప్రపంచంలో అతి ప్రమాదకరమైన బైక్ రేస్ అంటే అదే. ఆ మొదటి ఏడాది స్నేఫెల్ కొండ మీదుగా వెళ్ళే దారి పెట్టలేదు, ఎందుకంటే ఒక్క గేర్ బండ్లు ఆ కొండ ఎక్కలేవు. సెయింట్ జాన్స్ అనే ఊరి దగ్గర కొంచెం సులువైన దారిలో పెట్టారు. బండ్లకి సైకిల్ పెడళ్ళు కూడా ఉండొచ్చు! ఎత్తు వచ్చినప్పుడు తొక్కడానికి. మ్యాచ్‌లెస్ బండి మీద చార్లీ కాలియర్ సింగిల్ సిలిండర్ క్లాసు గెలిచాడు. సగటు వేగం గంటకి 38 మైళ్ళ పైచిలుకు, అంటే మన లెక్కలో 61 కిలోమీటర్లు. నవ్వకండి, గేర్ లేకుండా, బెల్టుతో, మట్టి రోడ్డు మీద నాలుగు గంటలకి పైగా నడిపాడు. పెడళ్ళని తర్వాతి ఏడాది నుంచి తీసేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జెనిత్ అనే ఇంగ్లీషు కంపెనీలో ఫ్రెడ్డీ బార్న్స్ అనే ఇంజినీరుకి ఒక ఆలోచన వచ్చింది. పుల్లీ తిప్పడానికి బండి ఆపడం ఎందుకు? ట్యాంక్ పక్కన ఒక హ్యాండిల్ పెట్టాడు. నడుస్తూ నడుస్తూనే హ్యాండిల్ తిప్పితే ముందు పుల్లీ పళ్ళేలు దగ్గరకీ దూరానికీ జరుగుతాయి. బెల్టు లూజు కాకుండా అదే హ్యాండిల్ వెనక చక్రాన్ని కూడా ముందుకీ వెనక్కీ జరుపుతుంది. చక్రం మొత్తం జరుగుతుంది, బండి నడుస్తుండగా! దీని పేరు గ్రాడ్యువా గేర్.

కొండ ఎక్కే పోటీల్లో జెనిత్ బండ్లు మిగతా అందర్నీ ఉతికేశాయి. ఒక్క గేర్ బండ్లవాళ్ళు గోల చేశారు, "ఇది అన్యాయం" అని. కొన్ని క్లబ్బులు ఆ గేర్ ఉన్న బండ్లని పోటీల్లోకి రానివ్వకుండా నిషేధించాయి. జెనిత్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? 'నిషేధించబడింది' అన్న మాటనే తమ ట్రేడ్‌మార్క్‌లో పెట్టేసుకున్నారు! కటకటాల వెనక ఉన్న బండి బొమ్మ వేసి మరీ. వందేళ్ళ కిందటే ఈ రేంజ్ మార్కెటింగ్. ఇప్పటి మీమ్ పేజీలు కూడా దండం పెట్టాలి.

తర్వాత రడ్జ్ కంపెనీవాళ్ళు ఇంకో అడుగు వేశారు. ముందు పుల్లీ గాడి వెడల్పయినప్పుడు, వెనక పుల్లీ గాడి సన్నబడాలి. అప్పుడు బెల్టు పొడవు సరిపోతుంది, చక్రం జరపక్కర్లేదు. దాని పేరు రడ్జ్ మల్టీ. ఎడమ పక్కన పొడవాటి లీవర్, దానికి ఇరవై దాకా గాళ్ళు. సిరిల్ పుల్లిన్ 1914 సీనియర్ టీటీ గెలిచింది ఆ బండి మీదే.

ఇప్పుడు మీ యాక్టివా దగ్గరకి రండి. ఎడమ పక్క కవర్ విప్పితే లోపల ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో 'వి' బెల్టు ఉంటాయి. ముందు పుల్లీని వేరియేటర్ అంటారు. అందులో రోలర్లు ఉంటాయి. ఇంజిన్ స్పీడ్ పెరిగేకొద్దీ ఆ రోలర్లు బయటికి విసిరినట్టు జరిగి పళ్ళేలని దగ్గరకి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. అదే సమయంలో వెనక పుల్లీ విచ్చుకుంటుంది. రడ్జ్ మల్టీలో మనిషి లీవర్‌తో చేసిన పనిని ఇక్కడ రోలర్లు వాటంతట అవే చేస్తున్నాయి. 1958లో నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ ఈ పద్ధతిని కార్లలో పెట్టింది. మన దేశంలో 1980ల్లో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు "గేర్లు లేవంట, అలా తిప్పితే పోతుందంట" అని ఊళ్ళల్లో చెప్పుకున్నారు. గేర్లు లేకపోవడమేంటి? ముందు పుల్లీ క్షణక్షణం మారిపోతూ ఉంటే వేరే గేర్లు ఎందుకు!

సరే, మళ్ళీ వెనక్కి. అన్ని తెలివితేటలు చూపించినా మోటార్‌సైకిళ్ళలో బెల్టు ఓడిపోయింది. ఎక్కడ ఓడిందో కూడా చెప్పొచ్చు. 1911లో టీటీ రేస్‌ని మొదటిసారి స్నేఫెల్ కొండ దారికి మార్చారు. అమెరికా నుంచి ఇండియన్ అనే కంపెనీ వచ్చింది. పేరు ఇండియన్ అయినా మనకి సంబంధం లేదు లెండి. వాళ్ళ బండ్లకి చైన్, రెండు స్పీడ్ల గేర్‌బాక్స్. సీనియర్ రేస్‌లో మొదటి మూడు స్థానాలూ వాళ్ళవే. గాడ్‌ఫ్రే, ఫ్రాంక్లిన్, మూర్‌హౌస్. ఇంగ్లీషువాళ్ళకి సొంత గడ్డ మీద చెంపదెబ్బ. హార్లీ కూడా 1912లో చైన్ ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో సైన్యానికి వెళ్ళిన ట్రయంఫ్ మోడల్ హెచ్‌ది సగం సగం యవ్వారం. ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి చైన్, అక్కడి నుంచి చక్రానికి పాత బెల్టే. 1920లు ముగిసేసరికి బెల్టు దాదాపు కనుమరుగు.

ఓడడానికి అసలు కారణం జారుడు. ఆ బెల్టులు రాపిడి మీద పనిచేసేవి. వాన పడితే జారుడు, బురద తగిలితే జారుడు, సాగిపోతే జారుడు. చైన్‌కి పళ్ళుంటాయి, జారే ప్రశ్నే లేదు. ఇక్కడే ముఖ్యమైన మార్పు జరిగింది. గేర్‌బాక్స్ వచ్చాక ముందు చక్రం పళ్ళ సంఖ్య కంపెనీ డ్రాయింగ్ బోర్డు మీద ఒకసారి గీసేసి మర్చిపోయే అంకె అయిపోయింది. నడిపేవాడికి దాని గురించి ఆలోచించే అవసరం లేకుండా పోయింది.

మరి బెల్టుకే పళ్ళు పెడితే? 1940ల్లో అమెరికాలో కుట్టు మిషన్ల కోసం పళ్ళ బెల్టు వచ్చింది. పైన సూది, కింద బాబిన్, రెండూ ఒక్క క్షణం కూడా తేడా లేకుండా కలిసి తిరగాలి కదా, దానికోసం. అది బైక్‌ని లాగేంత బలమైనది కాదు. ఆ బలం ఇచ్చిన మనిషి పేరు స్టెఫనీ క్వోలెక్. డ్యూపాంట్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త. కార్ల టైర్లలో వెయ్యడానికి తేలికగా, గట్టిగా ఉండే దారం కోసం వెతుకుతున్నారు. 1965లో ఆమె కలిపిన ఒక ద్రావణం పల్చగా, మబ్బుగా వచ్చింది. మామూలుగా అయితే పాడైందని పారబోసేదే. దారం తీసే మిషన్ దగ్గర పనిచేసే ఆయన కూడా మొదట ఒప్పుకోలేదు, మిషన్ పాడవుతుందేమో అని. ఆమె పట్టుబట్టి తీయించింది. బరువుతో పోల్చి చూస్తే ఉక్కు కంటే ఐదు రెట్లు బలమైన దారం వచ్చింది. అదే కెవ్లార్. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లో ఉండేది అదే.

ఆ జాతి దారాన్ని రబ్బరు బెల్టు లోపల నిలువునా పరిచి, బెల్టుకి పళ్ళు పెడితే జారదు, సాగదు, ఆయిల్ అక్కర్లేదు, చప్పుడు లేదు. 1980లో హార్లీ 'స్టర్జిస్' అనే బండి తెచ్చింది. నల్ల రంగు మీద నారింజ గీతలు. ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కీ, గేర్‌బాక్స్ నుంచి చక్రానికీ రెండు చోట్లా బెల్టులే. బెల్టులు చేసింది గేట్స్ అనే కంపెనీ. అప్పటికి హార్లీ పరిస్థితి ఏమంత బాగోలేదు. 1969 నుంచి ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతిలో ఉంది, క్వాలిటీ పడిపోయిందని కస్టమర్లు తిడుతున్నారు, జపాన్ బండ్లు మార్కెట్ తినేస్తున్నాయి. 1981లో 13 మంది అధికారులు కలిసి కంపెనీని తిరిగి కొనేసుకున్నారు. అలాంటి టైంలో ఎప్పుడో వదిలేసిన బెల్టుని మళ్ళీ తీసుకురావడానికి ధైర్యం కావాలి. నాకు ఆ కంపెనీ బండ్ల మీద మరీ మోజేం లేదు, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం మెచ్చుకోవాల్సిందే.

1991లో స్పోర్ట్‌స్టర్‌కి ఐదు గేర్ల గేర్‌బాక్స్ వచ్చింది, దాంతోపాటు బెల్టు కూడా రావడం మొదలైంది. ఒకే ఫ్రేము, ఒకే గేర్‌బాక్సు, ఇంజిన్ మాత్రం 883 సీసీ ఒకటి, 1200 సీసీ ఒకటి. చిన్న ఇంజిన్‌కి లాగుడు కావాలి కాబట్టి ముందు 27 పళ్ళు, పెద్దదానికి 29. జనం తెలివైనవాళ్ళు. తక్కువ ధరకి 883 కొనడం, సిలిండర్లు మార్చి 1200 చేసుకోవడం, ఆ తర్వాత "టాప్ గేర్ తొందరగా అయిపోతోంది" అని 29 పళ్ళ పుల్లీ తెచ్చుకోవడం. అలా పుల్లీ మళ్ళీ నడిపేవాడి చేతిలోకొచ్చింది.

పని ఎలా చేస్తారో చెప్తాను, ఎందుకంటే చరిత్రంతా ఆ ఒక్క నట్టు దగ్గరే కనబడుతుంది. హార్లీ పెద్ద బండ్లలో ముందు పుల్లీ ఎడమ వైపు, క్లచ్ వెనకాల ఉంటుంది. దాన్ని తియ్యాలంటే ప్రైమరీ కవర్, క్లచ్ అన్నీ దింపాలి. స్పోర్ట్‌స్టర్‌లో అది కుడి వైపు, బయటే ఉంటుంది. 1952లో ఇంగ్లీషు బండ్లకి పోటీగా మోడల్ కె అని ఒక బండి చేశారు, అందులో చైన్ కుడి వైపు పెట్టారు. స్పోర్ట్‌స్టర్ దాని వారసుడు. ఆ నిర్ణయం వల్ల ఇప్పటికీ స్పోర్ట్‌స్టర్ పుల్లీ మార్చడం ఒక పూట పని.

ముందు బండిని గట్టిగా నిలబెట్టాలి. వెనక యాక్సిల్ నట్టు వదులు చేసి చక్రాన్ని ముందుకి జరిపితే బెల్టు లూజవుతుంది. 1907లో వెనక్కి వెళ్ళినట్టే ఉంది కదా! పుల్లీ కవర్ తియ్యాలి, దానికి సైలెన్సర్ అడ్డొస్తే అదీ దింపాలి. పుల్లీ నట్టు మీద లాక్ ప్లేటు ఉంటుంది, దాని స్క్రూలు తియ్యాలి. తర్వాత ఆ పెద్ద నట్టు. జాగ్రత్త, దానికి ఉల్టా మర ఉంటుంది. అందరూ అలవాటు కొద్దీ ఎడమకి తిప్పుతారు, అది ఇంకా బిగుస్తుంది. పొడవాటి పైపు తగిలించి ఇంకో ఇద్దర్ని పిలిచి లాగితే మర తెగి గేర్‌బాక్స్ షాఫ్ట్ పోతుంది. కుడికి తిప్పితే వదులవుతుంది. నట్టు తీస్తున్నప్పుడు పుల్లీ తిరక్కుండా బండి గేర్‌లో వేసి వెనక బ్రేక్ తొక్కి పట్టుకోవాలి.

పుల్లీ బయటికొచ్చాక దాని వెనకున్న ఆయిల్ సీల్ చూసుకోండి. కారుతుంటే ఇప్పుడే మార్చెయ్యాలి, మళ్ళీ ఇదంతా విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. బెల్టుని మాత్రం పసిపిల్లలా చూసుకోవాలి. మడతపెట్టకూడదు, మెలి తిప్పకూడదు, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి ఎక్కించకూడదు. లోపలి దారాలు లాగితే ఉక్కు, మడిస్తే విరిగిపోతాయి. బయటికి ఏమీ కనపడదు. నాలుగు నెలల తర్వాత హైవే మీద తెగుతుంది.

కొత్త పుల్లీ పెట్టి నట్టు బిగించేది టార్క్ రెంచ్‌తో, మీ బండి మోడల్ మాన్యువల్లో ఉన్న అంకె ప్రకారం. అంచనాగా కాదు. లాక్ ప్లేటు, స్క్రూలకి త్రెడ్‌లాకర్ తప్పనిసరి. తర్వాత బెల్టు. ఈ బెల్టులో పన్నుకీ పన్నుకీ మధ్య దూరం 14 మిల్లీమీటర్లు. పుల్లీకి రెండు పళ్ళు పెరిగితే, బెల్టు సగం చుట్టే తిరుగుతుంది కాబట్టి ఒక పన్ను పొడవు ఎక్కువ కావాలి. అది పైనా కిందా రెండు వరసల్లోంచి వస్తుంది కాబట్టి వెనక చక్రం సుమారు 7 మిల్లీమీటర్లు ముందుకి రావాలి. అంత చోటు యాక్సిల్ గాట్లో ఉందో లేదో పుల్లీ కొనక ముందే చూసుకోండి. ఎరిక్ బ్యూయెల్ అనే ఇంజినీరు హార్లీ ఇంజిన్లతో చేసిన ఎక్స్‌బీ బండ్లలో వెనక యాక్సిల్ అసలు జరగదు, బెల్టు బిగువు చూసుకోవడానికి మధ్యలో ఒక రోలర్ ఉంటుంది. అలాంటి బండ్లలో పళ్ళ సంఖ్య మన ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. 1995 తర్వాతి స్పోర్ట్‌స్టర్లలో స్పీడోమీటర్ గేర్‌బాక్స్ లోపల గేర్ని చూసి స్పీడ్ చెప్తుంది. ముందు పుల్లీ మార్చిన సంగతి దానికి తెలియదు. 27 తీసి 29 వేస్తే మీటర్ 80 చూపించినప్పుడు అసలు స్పీడ్ 86. కెమెరా మీ మీటర్ని నమ్మదు, రాడార్ని నమ్ముతుంది. చలాన్ వచ్చాక "మీటర్లో 80యే ఉంది సార్" అంటే వినేవాడెవడు? చలాన్ సంగతి వదిలెయ్యండి, మలుపులో ఆ 6 కిలోమీటర్లు నిజంగా తేడానే. పుల్లీతో పాటు స్పీడో సరిచేసే మాడ్యూల్ పెట్టుకోనివాడు సగం పనే చేశాడని నా అభిప్రాయం.

మన దేశానికి ఈ పళ్ళ బెల్టు బండ్లు పేరుతో సహా వచ్చిన తీరు ఇంకో తమాషా. 2007లో అమెరికా మన మామిడి పళ్ళని తమ మార్కెట్లోకి మళ్ళీ రానిచ్చింది, దాదాపు 18 ఏళ్ళ తర్వాత. దానికి బదులుగా మనం 800 సీసీ దాటిన హార్లీ లాంటి బండ్ల దిగుమతికి దారి ఇచ్చాం. మామిడి పళ్ళకి మోటార్‌సైకిళ్ళు! 2010లో దేశంలోనే హార్లీ మొదటి షోరూం తెరిచింది ఎక్కడనుకుంటున్నారు? ఢిల్లీ కాదు, ముంబై కాదు. మన హైదరాబాద్, బంజారాహిల్స్. 2014లో కాస్త తక్కువ ధరకి స్ట్రీట్ 750 వచ్చింది, హర్యానాలోని బావల్ ఫ్యాక్టరీలో తయారు. దానికీ బెల్టే. 2020లో కంపెనీ సొంతంగా అమ్మడం మానేసి హీరో వాళ్ళతో చేతులు కలిపింది. ఆ జోడీ నుంచి 2023లో ఎక్స్440 వచ్చింది. దాని వెనక చక్రం దగ్గర చూడండి, చైన్!

కొందరు ఫ్యాన్స్ దీన్ని అవమానంగా తీసుకున్నారు. నాకైతే అలా అనిపించలేదు. బెల్టుకీ పుల్లీకీ మధ్య ఒక్క కంకర రాయి దూరితే బెల్టుకి చిల్లు పడుతుంది. మన రోడ్ల మీద కంకరకి కరువేం లేదు. చైన్ తెగితే మండల కేంద్రంలో ఏ మెకానిక్ అయినా ఒక లింకు వేసి పంపిస్తాడు, బెల్టు తెగితే పార్టు ఎక్కడినుంచో రావాలి. పైగా ఎక్స్440 ఉన్న కుర్రాడు స్పాకెట్ పన్ను ఒకటి అటూ ఇటూ మార్చుకోవాలంటే లోకల్ షాపులో ఖర్చు తక్కువ. ఆ లెక్కన చైనే నడిపేవాడి వైపు ఉంది.

బెల్టు మాత్రం ఇంకో దారిలో మన వీధుల్లోకి వచ్చేసింది. ఏథర్ 450ఎక్స్ స్కూటర్ వెనక వంగి చూడండి, లేదా రివోల్ట్ ఆర్‌వీ400. మోటార్ దగ్గర చిన్న పుల్లీ, చక్రానికి పెద్ద పుల్లీ, మధ్యలో పళ్ళ బెల్టు. గేర్‌బాక్స్ లేదు, కాలికో చేతికో క్లచ్ లేదు, ఒకటే నిష్పత్తి. 1907 బండి ఆకారమే. ఎలక్ట్రిక్ మోటార్ సున్నా స్పీడ్ నుంచే పూర్తి బలంతో లాగుతుంది కాబట్టి కొండ కింద దిగి పానా తియ్యక్కర్లేదు. అయితే ఆ చిన్న పుల్లీ పళ్ళ మీదే స్కూటర్ సాఫ్ట్‌వేర్ లెక్కలన్నీ ఆధారపడి ఉంటాయి. స్పీడు, ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందనే అంచనా, అన్నీ. దాన్ని మార్చాలంటే ఈసారి పానా ఒక్కటే సరిపోదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ తాళం కూడా కావాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఒక పాత స్కూటర్ వేరియేటర్ విప్పి, అరిగిన రోలర్లు ఎలా ఉంటాయో దగ్గర్నుంచి చూద్దాం. ఉంటాను మరి.